వాగును కొలవనివాళ్లు వాగు బాగుందనకూడదు

గోదావరి లోయ బొగ్గు ప్రాంతంలో ఇవాళ దాదాపు అందరూ ఒప్పుకునే మాట ఒకటుంది: ఓపెన్‌కాస్ట్ వద్దు, అండర్‌గ్రౌండ్ గని కావాలి. కార్మిక సంఘాలు ఈ మాట అంటున్నాయి, భూగర్భ గనిలో ఎక్కువమందికి పని దొరుకుతుంది గనుక. మట్టిగుట్టల కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లు అంటున్నారు, చూడాల్సిందంతా చూశారు గనుక. అడవి గురించి పట్టించుకునేవాళ్లూ అంటున్నారు. ఆ కోరికలో న్యాయం ఉంది. నేనూ ఆ పక్షమే. కానీ ఆ కోరిక వెంట ఇంకో నమ్మకం కూడా నడిచొచ్చింది: భూగర్భ గని పైనున్న నీటి జోలికి పోదని, వందల మీటర్ల లోతున జరిగే పనికీ పైన పారే వాగుకూ సంబంధం ఉండదని. గని ఇంజినీరు నోటా ఇదే మాట, ఉద్యమకారుడి నోటా ఇదే మాట. రుజువు మాత్రం ఇద్దరి దగ్గరా లేదు.

గట్టిగా అడిగితే వచ్చే జవాబు "నష్టం జరిగినట్టు ఆధారాలేమీ లేవు" అని. నేను ఖండించదలచుకున్నది సరిగ్గా ఈ జవాబునే. ఆధారం దానంతటది పుట్టదు. గని రాకముందు నుంచే, వాగులో ఏ రోజు ఎంత నీరు పారిందో ఎవరో ఒకరు ఎడతెగకుండా కొలిస్తేనే పుడుతుంది. కొలవాల్సినవాళ్లు కొలవకుండా ఊరుకుని, ఆ లెక్క లేకపోవడాన్నే తమ నిర్దోషిత్వానికి సాక్ష్యంగా చూపిస్తున్నారు. మరోవైపు వాగు ఒడ్డు రైతు ఎవరైనా "మునుపు సంక్రాంతి దాటేదాకా పారేది, ఇప్పుడు కార్తీకంలోనే ఆగిపోతోంది" అంటే, అది కొలత కాదని తోసేస్తున్నారు. పరికరం కొనగల స్తోమత, కొలవాల్సిన బాధ్యత రెండూ ఉన్నవాడు లెక్క రాయలేదు. ఆ రెండూ లేనివాణ్ని మాత్రం లెక్క చూపమంటున్నారు.

కొలిచిన చోట ఏం తేలిందో చూద్దాం. సిడ్నీకి దక్షిణాన, వూలన్‌గాంగ్ వెనుక, ఎత్తైన ఇసుకరాతి పీఠభూమి ఉంది. వొరనోరా, కాటరాక్ట్, కార్డో, ఏవన్, నెపియన్ జలాశయాలు అక్కడివే. దాదాపు 50 లక్షల జనం ఉన్న మహానగరం తాగే నీటిలో కొంత ఆ పీఠభూమి మీది వాగుల నుంచే వస్తుంది. జలాశయాల చుట్టూ ఉన్న ఆ అడవిలోకి మామూలు మనిషి అడుగుపెట్టకూడదు. పెడితే 44,000 ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. అదే నేల కింద బుల్లి, వొంగావిల్లి అనే బొగ్గు పొరల్లో మాత్రం లాంగ్‌వాల్ తవ్వకం సాగుతూ వచ్చింది. రెండు మూడు వందల మీటర్ల వెడల్పున్న బొగ్గు గోడను కోత యంత్రం ఆ చివరి నుంచి ఈ చివరికి చెక్కుకుంటూ పోతుంది. పైకప్పును మోసే హైడ్రాలిక్ ఆసరాలు దానితోపాటే ముందుకు జరుగుతాయి. వెనుక మిగిలిన ఖాళీలోకి పైకప్పు కూలిపోతుంది. కూలనివ్వడమే ఆ పద్ధతి. మన రామగుండం దగ్గర అడ్రియాలలో సింగరేణి పెట్టినదీ లాంగ్‌వాల్ గనే.

పైకప్పు కూలినప్పుడు ఆ కదలిక గనిలోనే ఆగిపోదు. కూలిన రాతి మీదున్న పొరలు విరుగుతాయి, వాటి మీదివి వంగుతాయి, చివరికి నేల కుంగుతుంది. పొలంలో అయితే ఆ కుంగుడు కంటికి ఆనకపోవచ్చు కూడా. లోయలో సంగతి వేరు. సిడ్నీ పీఠభూమిలో వాగులు ఇసుకరాతిని కోసుకుని లోతుగా పారతాయి. కింద బొగ్గు తీసేసరికి రెండు ఒడ్లూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, మధ్యలో ఇరుక్కున్న వాగు అడుగు పైకి ఉబ్బి పగులుతుంది. మడుగులకు కట్టల్లా నిలిచిన రాతి బండలు చీలతాయి. నీరు ఆ చీలికల్లోంచి దిగిపోయి, పడక కింద కొంత దూరం నడిచి, ఎక్కడో కింద మళ్లీ పైకి వస్తుంది, లేదా రాదు. వచ్చిన చోట ఇనుము కలిసిన నారింజరంగు తుప్పు రాళ్లకు పట్టి ఉంటుంది. వాగును పగలగొట్టడానికి గని వాగుదాకా రానక్కర్లేదు. నేల కదిలితే చాలు.

వొరనోరా జలాశయంలోకి పారే వారాటా వాగులో 2000 దశకంలో జరిగింది ఇదే. హెలెన్స్‌బర్గ్‌లోని మెట్రోపాలిటన్ గని 1880ల నాటిది, ఆ దేశపు పాత బొగ్గు గనుల్లో ఒకటి. దాని లాంగ్‌వాల్ కిందుగా వెళ్లాక వాగు పడక చీలింది, మడుగులు ఖాళీ అయ్యాయి. బొగ్గు పొర ఉన్నది 400 మీటర్లకు పైగా లోతున. "అంత లోతున తవ్వితే పైనేమవుతుంది" అనేవాళ్లు ఈ అంకెను కాసేపు మనసులో ఉంచుకోవాలి.

తర్వాత సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం విచారణ వేసింది. 2008 జులైలో నిపుణుల నివేదిక వచ్చింది. పడకలు పగిలాయని, మడుగులు ఎండాయని అది ఒప్పుకుంది. కానీ జలాశయాలకు చేరే నీరు కొలవదగినంతగా తగ్గిందనడానికి తమ ముందుకు ఆధారం రాలేదంది. ఆ వెంటనే, కొన్ని పరిస్థితుల్లో తగ్గే అవకాశాన్ని కొట్టిపారేయలేమని కూడా రాసింది. గనులు మొదలయ్యేముందు కనీసం రెండేళ్ల కొలతలు ఉండాలని సూచించింది. నివేదికలోని మొదటి వాక్యం ఊరూరా తిరిగింది, రెండోది, మూడోది నివేదికలోనే ఉండిపోయాయి. గని పక్షాన మాట్లాడేవాళ్లందరికీ "ఆధారం లేదు" అన్న రెండు మాటలే చాలాయి. అది తప్పు చదువు. రెండేళ్ల కొలతలు కావాలని నిపుణులు అడిగారంటే, అప్పటిదాకా తగినన్ని కొలతలు లేవనే అర్థం.

కొలతలు పెరిగేకొద్దీ పాత ధీమా నిలవలేదు. 2009లో మెట్రోపాలిటన్ విస్తరణకు అనుమతి ఇస్తూ, జలాశయానికి చేరే నీటిలో, కొన్ని వాగుల మడుగుల్లో నష్టం "లెక్కలోకి రానంత"కు మించకూడదని షరతు పెట్టారు. 2016-17 నాటికి ఆ గని మీదున్న తూర్పు ఉపవాగులో మడుగులు ఆ హద్దు దాటి ఎండాయి. ఏవన్, కార్డో జలాశయాల మధ్య 2005లో తవ్వకం మొదలుపెట్టిన డెండ్రోబియం గని మీద 2017లో ప్రభుత్వం ఒక సాంకేతిక సమీక్ష చేయించింది. బొగ్గు పొర పైనుంచి మొదలైన పగుళ్లు నేలమట్టం దాకా పాకి ఉంటాయని అది తేల్చింది. అంతకుముందు వాడిన సూత్రాల ప్రకారం పగుళ్లు మధ్యలోనే ఆగిపోవాలి. ఆపై ప్రభుత్వం స్వతంత్ర నిపుణుల మండలిని నియమించింది, ఆచార్య జిమ్ గాల్విన్ దాని అధ్యక్షుడు. 2018లో ఒక నివేదిక, 2019లో తుది నివేదిక వచ్చాయి. వాగుల నుంచి, చిత్తడి నేలల నుంచి నీరు పోతోందా అన్న ప్రశ్న అక్కడితో ముగిసింది. ఎంత పోతోంది, దాన్ని ఇంకా బాగా కొలవడం ఎలా అన్నదే ఆ తర్వాతి చర్చ. 2021 ఫిబ్రవరిలో డెండ్రోబియం విస్తరణను స్వతంత్ర ప్రణాళికా సంఘం తిరస్కరించింది, తాగునీటి పరీవాహక ప్రాంతానికి దీర్ఘకాలంలో సరిదిద్దలేని నష్టం జరుగుతుందన్న భయంతో. పదమూడేళ్లలో వాగులు మారలేదు, రాయి మారలేదు. మారింది కొలతే.

"లెక్కలోకి రానంత" అనే షరతు చూడటానికి కఠినంగా ఉంటుంది. అసలు మోసం అక్కడే ఉంది. దేని లెక్కలోకి? వాగు నీటిని సాధారణంగా వీ ఆకారపు కోత ఉన్న చిన్న అడ్డుకట్టతో కొలుస్తారు. కోత మీదుగా నీరు ఎంత ఎత్తున పారుతోందో చూసి ప్రవాహం లెక్కకడతారు. 90 డిగ్రీల కోతలో నీరు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకు సుమారు 0.77 లీటర్లు. 6 సెంటీమీటర్లయితే 1.22 లీటర్లు. ఒక్క సెంటీమీటరు తప్పు చదివితే ప్రవాహంలో దాదాపు 60 శాతం తేడా వస్తుంది. అదే 50 సెంటీమీటర్ల దగ్గర ఒక సెంటీమీటరు పొరపాటు తెచ్చే తేడా 5 శాతమే. కోతలో ఒక ఆకు అడ్డం పడినా, అడుగున బురద పేరుకున్నా, కట్ట పక్కనుంచి నీరు జారినా తప్పు వచ్చేది సన్నటి ధార దగ్గరే. పగులు వల్ల జరిగే నష్టమూ సన్నటి ధార దగ్గరే బయటపడుతుంది. అంటే కొలత ఎక్కడ బలహీనమో నేరం సరిగ్గా అక్కడే జరుగుతోంది.

పైగా ఆ కొలతను కంప్యూటర్ నమూనాతో పోలుస్తారు. ఇంత వాన పడితే, గని లేకుంటే, వాగులో ఇంత పారేదని నమూనా చెబుతుంది. నమూనాలోని తప్పు నష్టం కంటే పెద్దదైతే నష్టం కనిపించదు. కనిపించలేదు కనుక లెక్కలోకి రానంతే అని నివేదిక ముగుస్తుంది. కొలత ఎంత నాసిగా ఉంటే గనికి అంత మేలు! మంచి పరికరం పెట్టిన కంపెనీ పట్టుబడుతుంది, చెడ్డ పరికరం పెట్టినది నిర్దోషిగా బయటపడుతుంది. ఇలాంటి నియమాన్ని శాస్త్రం పేరుతో సమర్థించడం నాకు కోపం తెప్పిస్తుంది. గుర్తించలేకపోయామంటే గుర్తించలేకపోయామనే రాయాలి. మా పరికరంతో ఇంతకంటే చిన్న నష్టం తెలియదని, ఆ హద్దు ఫలానా అని పక్కనే రాయాలి. అనుమానం మిగిలితే దాని భారం వాగు మీద కాదు, తవ్వేవాడి మీద పడాలి.

ఏడాది మొత్తం లెక్క చూపించడం ఇంకో తప్పుదారి. ఒక వాగు నాలుగు నెలలు సగటున సెకనుకు 500 లీటర్లు పారుతుందనుకుందాం. పడకలోని చీలికలు సెకనుకు 5 లీటర్లు మింగుతున్నాయనుకుందాం. మొత్తం మీద పోయింది ఒక్క శాతమే. వరదలో సెకనుకు 5,000 లీటర్లు పారే రోజున ఆ 5 లీటర్లను ఏ పరికరమూ పసిగట్టదు. వాన వెనకబట్టాక, వాగులో మిగిలిందే 5 లీటర్లయిన రోజున మాత్రం వాగు ఉండదు. రోజుకు 4 లక్షల 32 వేల లీటర్లు అంటే పశువుల నోటికి, ఒడ్డు బావుల ఊటకు, రెండో పంటకు ఆఖరి తడికి చేరాల్సిన నీరు. శాతంలో ఒకటి, బతుకులో మొత్తం. అందుకని వాగు లెక్కలో ముందు చూడాల్సింది ఏడాది మొత్తాన్ని కాదు, వానలు ఆగాక వాగు ఎన్ని రోజులు నిలిచిందన్నదాన్ని.

"వానలు తగ్గాయి, అందుకే ఎండింది" అన్నది అందరికీ తెలిసిన సమర్థన. వారాటా వాగు ఎండిన కాలంలో తూర్పు ఆస్ట్రేలియాలో నిజంగానే కరువుంది, ఆ మాట అక్కడా విన్నారు. వాన కారణం కావచ్చు, నేను కాదనను. కానీ తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అదే వాన, అదే రాయి, దాదాపు అంతే విస్తీర్ణం ఉండి, కింద గని లేని పక్క వాగును కూడా అదే పరికరంతో కొలవాలి. రెండూ ఒకేలా తగ్గితే వాన. గని మీదిది ఒక్కటే తగ్గితే గని. ఆ రెండో వాగును కొలవనివాళ్లు వాన పేరు ఎత్తకూడదు. గని రాకముందు రెండు వాగులూ ఎలా నడిచేవో తెలియకుంటే ఈ పోలిక కూడా పనికిరాదు, ముందటి రెండేళ్ల లెక్క మీద పట్టు అందుకే. రెండేళ్లు కూడా తక్కువే అని నా అభిప్రాయం. ఒకటి మంచి వానల ఏడాది, ఇంకొకటి చెడ్డది పడితే సరిపోతుంది, రెండూ మంచివే పడితే కరువులో వాగు సహజ స్వభావం తెలియకుండానే పోతుంది.

ఎక్కడ కొలుస్తున్నారన్నది కూడా అడగాలి. పగుళ్లున్న చోటుకు బాగా కింద, రెండు మూడు ఒర్రెలు కలిశాక కొలిస్తే, కలిసిన నీరు పోయిన నీటిని కప్పేస్తుంది. ఇంతకంటే దారుణం, గని తోడిపోసే నీటికి దిగువన కొలవడం. గని మునగకుండా పంపులు నడుస్తాయి. ఆ నీటిని వాగులో వదిలితే వేసవిలోనూ వాగు పారుతుంది. మునుపటికంటే నీళ్లు పెరిగాయని ఫొటో తీసి చూపించవచ్చు. సిడ్నీకి పడమర స్ప్రింగ్‌వేల్ గనిలో ఇలాంటి స్థితే ఏర్పడింది. కొండ మీది చిత్తడి నేలలు తడి కోల్పోతుంటే, గని నుంచి తోడిన ఉప్పు నీరు ఇంకోవైపు కాక్స్ నది పరీవాహకంలోకి పోయింది. ఆ నీటి నాణ్యత మీద వేసిన కేసులో 2017లో అప్పీలు కోర్టు గని అనుమతి చెల్లదంది. సింగరేణి తన గనుల నీటిని ఊళ్లకు, చెరువులకు ఇవ్వడం మంచి పనే, ఆగకూడదు. కానీ పంపు నీటితో నిండిన వాగును చూపి వాగు క్షేమమనడం కుదరదు. గని మూసిన రోజు పంపులూ ఆగుతాయి, పగుళ్లు మిగులుతాయి.

నిజానికి ప్రతి గనిలోనూ ఒక మంచి సాక్షి ఉంది: పంపు లాగ్‌బుక్. ఏ రోజు ఎన్ని గంటలు పంపు నడిచిందో, ఎంత నీరు తోడారో అందులో ఉంటుంది. పెద్దవాన పడిన కొద్ది రోజులకే గనిలో ఊట పెరుగుతుంటే పైకీ కిందకూ దారి ఉన్నట్టే. డెండ్రోబియంలో వాననూ గనిలోకి వచ్చే నీటినీ ఇలాగే పక్కపక్కన పెట్టి చూశారు. నీటిలోని ట్రిటియం పరీక్షిస్తే, అది వేల ఏళ్లనాటి రాతి నీరా, 1950ల అణుపరీక్షల తర్వాత కురిసిన వాన నీరా కూడా తెలుస్తుంది. వాగు కొలత, వాన కొలత, పంపు కొలత మూడింటినీ ఒకే కాగితం మీదికి తేవడం ఖర్చుతో కూడిన పని కాదు. ఎందుకు తేవడం లేదన్నదే నా ప్రశ్న.

"నష్టం జరిగితే మరమ్మతు చేస్తాం" అనేవాళ్లకు అమెరికాలోని పెన్సిల్వేనియాను చూపిస్తాను. గ్రీన్ కౌంటీలోని రైయర్సన్ స్టేషన్ పార్కులో డ్యూక్ సరస్సు ఉండేది. 2005లో దాని ఆనకట్ట దెబ్బతింటే నీరంతా వదిలేయాల్సి వచ్చింది. పక్కన లాంగ్‌వాల్ నడుపుతున్న కంపెనీకీ రాష్ట్రానికీ మధ్య 2013లో 3.6 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. సరస్సును మళ్లీ కట్టాలన్నారు. నేల ఇంకా కదులుతూనే ఉందని తేలి, 2015లో ఆ ఆలోచనే మానుకున్నారు. అదే పార్కులోని పోలెన్ రన్ అనే వాగు కింద తవ్వడానికి, ఎండితే పడకకు కృత్రిమ పొర పరుస్తామన్న షరతు మీద ప్రభుత్వ శాఖ అనుమతిచ్చింది. 2017లో పర్యావరణ న్యాయమండలి ఆ అనుమతిని తప్పుబట్టింది: వాగును నాశనం చేసి, ఆపై మళ్లీ తయారుచేస్తామనడం వాగును కాపాడటం కాదని. వారాటాలో కూడా బండల చీలికల్లోకి పాలియూరిథేన్ ఎక్కించి కొన్ని మడుగులను నిలిపారు. కొన్ని బండలకు చేయవచ్చు. కిలోమీటర్ల పొడవు పడకకు, పైకి కనిపించని పగుళ్లకు ఎవరు చేస్తారు?

ఇక మన దగ్గరికి వద్దాం. మన గని చట్టానికి నీరు అంటే ప్రమాదం. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం నది, కాలువ, చెరువు కిందగానీ, వాటి ఒడ్డుకు 15 మీటర్లలోపుగానీ రాతపూర్వక అనుమతి లేకుండా తవ్వకూడదు. చాలా అవసరమైన నిబంధన. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలాలో నీరు గనిలోకి దూసుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 17 మంది నీటికే బలయ్యారు. ఆ ప్రాణాల విలువ తెలిసినవాళ్లెవరూ ఆ నిబంధనను తేలిక చేయరు. కానీ దాని చూపంతా కిందినుంచి పైకి: వాగు గనిలోకి వస్తుందా? గని వల్ల వాగు పోతుందా అన్నది ఆ నిబంధన అడగదు. అడగాల్సింది పర్యావరణ అనుమతి.

ఆ అనుమతి కోసం చేసే అధ్యయనంలో మామూలుగా సేకరించేది ఒక్క సీజన్ మూల వివరాలు, అదీ వానకాలం కాని సీజన్‌వి. గాలికి, చప్పుడుకు అది సరిపోవచ్చునేమో. మన ఒర్రెలు, వాగులు బతికేదే జూన్ నుంచి జనవరి దాకా. వాగు లేని నెలల్లో వెళ్లి వాగు గురించి రాస్తే దాన్ని మూల వివరం అనగలమా? అనుమతి పత్రాల్లో బావుల నీటిమట్టం ఏడాదికి నాలుగుసార్లు కొలవాలని ఉంటుంది: వేసవిలో, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో. వాగుల ప్రవాహం కొలవాలన్న షరతు పెట్టినప్పుడు అది ఏడాది పొడవునా పారే వాగుల గురించే ఉంటుంది. మంచిర్యాల రాళ్లవాగు నుంచి కొత్తగూడెం ముర్రేడు దాకా, వాటిలో కలిసే పేరులేని ఒర్రెల దాకా, ఎన్ని ఏడాది పొడవునా పారతాయి? ఆ ఒక్క విశేషణం వాడి బొగ్గు ప్రాంతపు నీటిలో సింహభాగాన్ని లెక్కలోంచి తీసేశారు. నాలుగుసార్ల కొలత కూడా ఎంత గుడ్డిదో చూడండి. ఒక వాగు ప్రతి ఏటా ఫిబ్రవరి చివరిదాకా పారేదనుకుందాం, ఇప్పుడు జనవరి 20కే ఆగిందనుకుందాం. జనవరి మొదట్లో వెళ్లినవాడికి నీరు కనిపిస్తుంది, వేసవిలో వెళ్లినవాడికి ఎప్పటిలాగే ఎండిన ఇసుక కనిపిస్తుంది. రెండు నివేదికలూ పోయినేటి నివేదికలాగే ఉంటాయి. ఐదారు వారాల నీరు పోయిందని ఏ కాగితమూ చెప్పదు.

అనుమతి పత్రాల్లో ఇంకో షరతు ఉంటుంది. కుంగుడును, సహజ నీటి దారుల మీద దాని ప్రభావాన్ని కదలిక పూర్తిగా ఆగేదాకా గమనించాలని, పగుళ్లను బంకమట్టితో పూడ్చాలని. ఇది మంచి షరతు. కానీ ప్రభావాన్ని ఏ అంకెతో గమనించాలో చెప్పకపోతే, మట్టి పోసి చదును చేయడమే గమనించడం అయిపోతుంది. పగులు ఎంత నీరు తాగిందో ఎవరికీ తెలియకముందే దాని నోరు మూతపడుతుంది.

నాకు ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో ఒకటి గట్టిది. మన రాయి సిడ్నీ రాయి కాదు, మన లోయలు అంత లోతైనవి కావు, మన గనుల్లో చాలావరకు పిల్లర్లు వదిలి తవ్వే పద్ధతి, కొన్ని చోట్ల ఇసుక నింపారు కూడా. అన్నీ నిజాలే. ఇసుక నింపితే కుంగుడు బాగా తగ్గుతుంది. పిల్లర్లను కూడా తీసేసి కూలనిచ్చే చోట తగ్గదు. ఇక్కడ నష్టం సిడ్నీ అంత ఉంటుందని నేను అనలేదు, అనను. ఎంత ఉంటుందో తెలియదు గనుకే కొలవమంటున్నాను. రాయి వేరైతే ఆస్ట్రేలియా అంకె ఇక్కడ పనికిరాదు. అప్పుడు ఇక్కడి అంకె కావాలి కదా! తేడాను చూపించి కొలతను వద్దనడం తలకిందులు వాదన.

ఇసుక వాగుల్లో అడ్డుకట్టలు పూడిపోతాయని, మొదటి వరదకే కొట్టుకుపోతాయని క్షేత్రంలో పనిచేసినవాళ్లు చెబుతారు. ఈ ఇబ్బంది నిజమైనది, గౌరవంగా వినాల్సినది. దానికి దారులున్నాయి. వాగు రాతి పడక మీదుగా పారే చోటు వెతకాలి. రోడ్డు కల్వర్టు, పాత కత్వ, గట్టి చెక్‌డ్యాం మత్తడి ఉంటే వాటినే కొలతగట్టుగా వాడుకోవచ్చు. మడుగులో నీటి ఒత్తిడి చదివే చిన్న పరికరం వేస్తే పావుగంటకోసారి మట్టం రాసుకుంటుంది. దగ్గరలో ఒక వర్షమాపకం ఉండాలి. నెలకొకసారి, వానల్లో ఇంకా తరచుగా మనిషి వెళ్లి చేతితో ప్రవాహం కొలిచి పరికరాన్ని సరిచూడాలి. ఏ తేదీన ధార తెగిందో ఫొటోతో సహా రాయాలి. ఆఖరి పనిని ఊళ్లో ఎవరైనా చేయగలరు. వందల కోట్లు పోసి కోత యంత్రాలు దిగుమతి చేసుకునేవాళ్లు దీనికి డబ్బు లేదంటే నమ్మను.

కొలతలు ఎవరి దగ్గర ఉండాలన్నది మిగిలింది. తవ్వేవాడే కొలిచి, తవ్వేవాడే సగటు తీసి, ఆరునెలల నివేదికలో ఒక పట్టిక వేస్తే చాలదు. పావుగంట పావుగంటకూ పడిన అసలు అంకెలు, సగటులు తీయకముందువి, ఊరి పంచాయతీకీ, రాష్ట్ర భూగర్భ జల శాఖకూ, అడిగిన ఏ ఇంజినీరింగ్ కాలేజీకీ ఒకేసారి చేరాలి. సిడ్నీలో ప్రశ్నలు పుట్టింది గని నివేదికల్లో అచ్చయిన అంకెలను బయటివాళ్లు చదివి, మళ్లీ లెక్కగట్టడం వల్లే.

గని రాకముందటి కొలత పాత గనులకు ఇక సాధ్యపడదు. అక్కడి వాగుల కింద బొగ్గు తీశారు, నేల కదిలింది, వాగు మొదట ఎలా ఉండేదో చెప్పే అంకె ఇక రాదు. ఆ ఊళ్లలో రైతుల జ్ఞాపకాన్నే సాక్ష్యంగా తీసుకుని మాట్లాడాలి, అంతకంటే గౌరవప్రదమైన మార్గం లేదు. కొత్త బ్లాకులకు మాత్రం సమయం ఉంది. ఎక్కడ భూగర్భ గని ప్రతిపాదన మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినా, ఉద్యోగాల గురించి, నష్టపరిహారం గురించి అడిగే ముందు మైకు అందుకుని అడగండి: ఈ లీజులో ఎన్ని వాగులున్నాయి, పోయిన రెండు వానకాలాల్లో వాటిలో రోజుకు ఎంత పారింది, పక్కన గని రాని ఏ వాగుతో పోల్చారు, ఆ పుస్తకం ఏది? పుస్తకం లేదంటే, అది తయారయ్యేదాకా విచారణ వాయిదా వేయమని రాతపూర్వకంగా ఇచ్చి, కలెక్టరు దగ్గర రసీదు తీసుకోండి.